చచ్చిందని రాసిందెవరు?
(మన మాట - మన యంత్రం: 7వ భాగం)

మన పాత పత్రికలు, కరపత్రాలు, పాటల క్యాసెట్లు దాచుకోవడానికి సొంత సర్వర్ ఒకటి కావాలని, కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి కంపెనీలు తీసేసిన పాత సర్వర్ కొనుక్కుందామని గత వారం రాశాను. చాలామంది సరేనన్నారు. ఒక విద్యార్థి మాత్రం గట్టిగా అడ్డం తిరిగాడు. "మేడమ్, వాళ్లు కట్టి విడిచిన చీరలు మా నాయనమ్మ కట్టింది. వాళ్లింట్లో మిగిలిన కూడు మా నాయన తిన్నాడు. ఇప్పుడు వాళ్ల ఆఫీసుల్లో పారేసిన కంప్యూటర్లు మేం మోసుకొచ్చుకోవాలా? మనకు కొత్తది ఎందుకు రాకూడదు?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. దీని వెనక మూడు తరాల కడుపుమంట ఉంది. 1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ మన వాళ్లకు చెప్పింది చెరువు నీళ్ల గురించి మాత్రమే కాదు. చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడుకు చెయ్యి చాచడం మానండి అని కూడా చెప్పాడు. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో తన ఆత్మకథకు పెట్టుకున్న పేరే 'జూఠన్'. అంటే ఎంగిలి. ఆ మాట మన సాహిత్యంలో ఉత్త మాట కాదు, గాయం. కాబట్టి పాత సామాను అనగానే ఒళ్లు మండడం న్యాయమే.

కానీ తమ్ముడూ, ఎంగిలి కూడులో ఉన్న అవమానం అన్నం పాతదవడంలో ఉందా? లేదు. అది కూలి బదులు పెట్టిన అన్నం. మన చెమటకు కట్టాల్సిన ఖరీదు ఎగ్గొట్టి, పైగా దయ అని పేరు పెట్టిన అన్నం. వద్దని చెప్పే వీలు లేని అన్నం. చచ్చిన గొడ్డును లాగడమూ అంతే. నేను లాగను అంటే ఊళ్లో బతకనివ్వరు. కుళ్లంతా ఆ బలవంతంలో ఉంది. దుకాణానికి వెళ్లి, మూత విప్పి లోపల చూసి, ధర బేరమాడి, నచ్చకపోతే వద్దు పొమ్మని, నచ్చితే డబ్బు లెక్కపెట్టి, రసీదు రాయించుకుని తెచ్చుకునేది ఎంగిలి ఎలా అవుతుంది? దానం పుచ్చుకున్నవాడికి లోపలి సంగతి అడిగే హక్కు ఉండదు. కొన్నవాడికి ప్రతి స్క్రూ విప్పే హక్కు ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ యంత్రం పాతదైపోయిందని, పనికిరాదని తేల్చిందెవరు?

మన దేశంలో కంపెనీల చట్టం 2013 ఉంది. దాని రెండో షెడ్యూలులో ఏ ఆస్తి ఎన్నేళ్లు బతుకుతుందో రాశారు. సర్వర్లకు, నెట్‌వర్క్ సామగ్రికి 6 ఏళ్లు. మామూలు డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ 3 ఏళ్లు. ఆదాయపన్ను లెక్కలో కంప్యూటర్లకు ఏడాదికి 40 శాతం తరుగు. లక్ష రూపాయలు పెట్టి కొన్న యంత్రం మొదటి ఏడాది చివర 60 వేలు, రెండో ఏడాదికి 36 వేలు, అలా ఐదేళ్లకు 8 వేల లోపు. యంత్రం మాత్రం మొదటి రోజు ఎన్ని లెక్కలు చేసిందో ఐదో ఏడాది చివరి రోజు కూడా అన్నే చేస్తుంది. అందులో ఇనుము తగ్గలేదు, రాగి తగ్గలేదు. పద్దు పుస్తకంలో అంకె తగ్గింది.

2023లో గూగుల్ ఒక పని చేసింది. తన సర్వర్ల ఆయుష్షును లెక్కల్లో నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుకుంది. దాంతో ఆ ఏడాది తరుగు ఖర్చు 300 కోట్ల డాలర్లకు పైగా తగ్గింది. యంత్రాలు అవే, గది అదే. గణకుడు కలం తిప్పగానే చావాల్సినవి రెండేళ్లు ఎక్కువ బతికాయి.

నిజమే, కంపెనీలు సర్వర్లను తీసేయడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. తయారీదారు ఇచ్చే సపోర్టు ఒప్పందం ముగుస్తుంది. కొత్త తరం యంత్రం అంతే కరెంటుతో రెట్టింపు పని చేస్తుంది. బ్యాంకు లాంటి చోట ఒక్క గంట ఆగినా కోట్లు పోతాయి కాబట్టి వాళ్లు సాహసం చేయరు. ఇవి వాళ్ల అవసరాలు, కాదనను. కానీ వాళ్ల అవసరం తీరిపోవడం వేరు, యంత్రం చావడం వేరు. మనల్ని కూడా ఇలాగే ఒక పుస్తకంలో రాసి పెట్టారు. ఒంట్లో ఏ రోగమూ లేనివాణ్ని పుస్తకం చూసి అంటరానివాడన్నారు. చేతితో ముట్టుకుని పరీక్ష చేసినవాడు ఒక్కడూ లేడు. అలాంటి పుస్తకాల మాట నమ్మకూడదని ముందు తెలుసుకోవాల్సింది మనమే. ఎవరో రాసిన విలువను పక్కన పెట్టి, విప్పి చూసి, కరెంటు పెట్టి, పరీక్షించి మన విలువ మనం కట్టుకోవాలి.

రెండో అభ్యంతరం చదువుకున్న మిత్రుల నుంచి వచ్చింది. ఇంత కష్టం ఎందుకు, అన్నీ గూగుల్ డ్రైవ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టుకోవచ్చు కదా అని.

1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు బాబాసాహెబ్‌కు ఇదే పరిస్థితి. డబ్బు కడతాం, మా పత్రిక ప్రకటన వేయండి అని అడిగితే 'కేసరి' వేయలేదు. శాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో మూక్‌నాయక్ నడిచింది, తర్వాత ఆగింది. 1927లో 'బహిష్కృత భారత్' వచ్చింది. పత్రిక ఉంటే చాలదు, అచ్చు యంత్రం కూడా మనదే ఉండాలని ఆయనకు బాగా తెలిసింది. భారత్ భూషణ్ ప్రెస్, తర్వాత బుద్ధ భూషణ్ ప్రెస్ అలా వచ్చినవే. ఆ ప్రెస్ ఉన్న ముంబై దాదర్‌లోని అంబేద్కర్ భవన్‌ను 2016 జూన్ 25 తెల్లవారుజామున కూలగొట్టారు. ఆయన పోయిన అరవై ఏళ్లకు కూడా ఆ గోడలు కొందరికి అడ్డమే అయ్యాయి. మన తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. ఎవరి పత్రికలోనో మూల జాగా దొరికితే చాలునని వీళ్లు అనుకోలేదు.

ఇప్పుడు మనం రాసేదంతా ఎవరి అచ్చు యంత్రం మీద? ఈ వ్యాసమే చూడండి, పరాయి కంపెనీ గోడ మీద రాస్తున్నాను. గోడ వాడుకోవద్దని అనడం లేదు. జనం అక్కడున్నారు, అక్కడే మాట్లాడాలి. కానీ అసలు ప్రతి మన దగ్గర ఉండాలి. 2019 నవంబరులో దిలీప్ మండల్ ఖాతాపై ట్విట్టర్ ఆంక్షలు పెట్టినప్పుడు దేశమంతా గొడవైంది. ట్విట్టర్ కులం గురించి అందరూ మాట్లాడారు. ఆ రోజుల్లోనే చాలామంది మాస్టొడాన్‌కు వెళ్లారు. అది ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే ఏర్పాటు. మరి మన సర్వర్ ఎక్కడుంది? లేదు. ఒకరి ఇంటి అరుగు మీద నుంచి లేచి ఇంకొకరి అరుగు మీద కూర్చున్నాం, అంతే.

రోహిత్ వేముల తన మాటల్ని ఫేస్‌బుక్‌లోనే రాశాడు. 2016 జనవరి 17 తర్వాత ఆ రాతల్ని ఏరి, కూర్చి నిఖిలా హెన్రీ పుస్తకంగా తెచ్చింది కాబట్టి వాటికి కాగితం మీద ఒక చోటు దొరికింది. అంత వెలుగులోకి రాని పిల్లల సంగతేమిటి? మన కాలేజీల్లో, హాస్టళ్లలో రాసి, రాసి, ఖాతా మూసేసి వెళ్లిపోయిన వాళ్ల రాతలు ఎక్కడున్నాయి?

ప్రభుత్వాన్ని నమ్ముకుందామా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఆ పనిలో పెద్ద భాగస్వామి. తెలుగు పరిశోధకులం ఎంతమందిమో దాని మీద బతికాం. 2017లో కాపీరైటు గొడవలతో దాన్ని మూసేశారు. అందులోని పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే అవి అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు చేరి ఉండడం వల్ల. నకలు తీసుకున్నవాడి దగ్గరే చరిత్ర మిగిలింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ప్రబంధాలకు పది చోట్ల ప్రతులున్నాయి. కారంచేడు, చుండూరు నాటి కరపత్రాలకు, 'నలుపు' పాత సంచికలకు, మా తీరంలో యానాది పెద్దలు పాడిన పాటల క్యాసెట్లకు ఎన్ని చోట్ల ఉన్నాయి? ఒక ట్రంకు పెట్టె, ఒక చెద పురుగు. మధ్యలో ఇంకేమీ లేదు.

అందుకే సర్వర్. ఇప్పుడు ఎలా కొనాలో చెబుతాను. ఇది విద్యార్థులకు పనికొచ్చే భాగం, కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదట మీ అవసరం ఎంతో లెక్కేసుకోండి. నాలుగైదు వేల పేజీల స్కాన్లే ఉంటే సర్వర్ అక్కర్లేదు. ఆఫీసుల్లో తీసేసిన చిన్న డెస్క్‌టాప్, రెండు హార్డ్‌డిస్కులు చాలు. అది పది పదిహేను వాట్లతో నడుస్తుంది. ఊళ్ల నుంచి ఆడియో, వీడియో కూడా వస్తోంది, ఆరేడు డిస్కులు కావాలి, అక్షరం చెడకూడదు అంటేనే సర్వర్ వైపు చూడండి. సర్వర్‌లో ఉండే ఈసీసీ మెమరీ ఒక బిట్ తప్పితే తానే దిద్దుకుంటుంది, రెండు బిట్లు తప్పితే చెబుతుంది. మామూలు కంప్యూటర్ చెప్పదు. తప్పునే నమ్మకంగా డిస్కు మీద రాసేస్తుంది. లేఖకుల తప్పులు దిద్దడానికి పరిష్కర్తలు జీవితాలు ధారపోసిన భాష మనది. ఈసీసీ విలువ తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

తరం చూసుకోండి. డెల్‌లో ఆర్720, హెచ్‌పీలో డీఎల్380పీ జెన్8 దాదాపు 2012 నాటివి. వీటికి డీడీఆర్3 మెమరీ. ఆర్730, డీఎల్380 జెన్9 అయితే 2014 నాటివి, డీడీఆర్4. రెండో జత ఖరీదు కొంచెం ఎక్కువ, కరెంటు తక్కువ. 2012 కంటే పాతవి ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోవద్దు, మిగిలిన డబ్బు కరెంటు బిల్లులోకి పోతుంది. బ్లేడ్ సర్వర్లు అసలు వద్దు. అవి చూడ్డానికి చవగ్గా ఉంటాయి, కానీ వాటి పెద్ద పెట్టె లేకుండా నడవవు. సన్నగా ఒక్క అంతస్తు ఎత్తులో ఉండే రకం కంటే రెండంతస్తుల ఎత్తున్నది మేలు. సన్న దాంట్లో చిన్న ఫ్యాన్లు గిర్రున తిరిగి ఇల్లంతా కీచుమంటుంది. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న రెండు గదుల ఇంట్లో అది శిక్ష.

మనకు దగ్గరి బజారు చెన్నై రిచీ స్ట్రీటు. బెంగళూరులో ఎస్పీ రోడ్డు, సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నాయి. ఎక్కడికెళ్లినా ఒక్కటే నియమం: కళ్ల ముందు ఆన్ చేయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. తెర మీద మెమరీ మొత్తం ఎంత చూపిస్తోంది, లోపల గుచ్చినదెంత, రెండూ సరిపోవాలి. సిస్టమ్ ఈవెంట్ లాగ్ తెరిపించండి. యంత్రం తన జబ్బుల చరిత్ర తానే రాసుకునే పుస్తకం అది. పవర్ సప్లైలు రెండూ ఉంటే ఒకదాన్ని పీకి ఇంకోదాని మీద నడిపించండి, తర్వాత దాన్ని తీసి మొదటిదాని మీద. డిస్కులు ఎన్ని గంటలు తిరిగాయో స్మార్ట్ వివరాల్లో ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. 43,800 గంటలంటే ఐదేళ్లు ఆగకుండా తిరిగిందని అర్థం. అలాంటి డిస్కును ఊరికే ఇచ్చినా పుస్తకాలకు వాడొద్దు. శాటా డిస్కు శాస్ సర్వర్‌లో పనిచేస్తుంది, శాస్ డిస్కు మామూలు కంప్యూటర్‌లో పనిచేయదు. పెద్ద స్టోరేజీ పెట్టెల నుంచి తీసిన కొన్ని డిస్కులు 512 బదులు 520 బైట్ల సెక్టార్లతో ఉంటాయి. గుచ్చితే కనిపిస్తాయి కానీ పనిచేయవు. చచ్చాయని చవగ్గా అమ్మేస్తారు. లినక్స్‌లో ఎస్‌జీ ఫార్మాట్ అనే చిన్న పనిముట్టుతో కొన్ని గంటలు తిరగరాస్తే మామూలు డిస్కులైపోతాయి. ఇదీ పద్దు చావే.

ఇంటికి తెచ్చాక మొట్టమొదట రిమోట్ కంట్రోల్ పాస్‌వర్డు మార్చండి. డెల్‌లో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐలో. పాత ఐడ్రాక్‌కు కంపెనీ పెట్టిన పాస్‌వర్డు లోకమంతా తెలుసు. దాన్ని ఎప్పుడూ ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించకండి. డిస్కుల్లో పాత యజమాని సమాచారం మిగిలి ఉంటే చూడకుండా తుడిచేయండి. మా చేతికొచ్చిన డిస్కుల్లో ఒక సంస్థ ఉద్యోగుల జీతాల పట్టికలు అలాగే ఉన్నాయి. మన వివరాలు పారేసేవాళ్ల మీద మనకు కోపం ఉంటుంది కదా, అదే పని మనం చేయకూడదు.

ఇంకో సంగతి. 2014 ఫిబ్రవరి నుంచి హెచ్‌పీ తన సర్వర్ల బయోస్ లాంటి ఫర్మ్‌వేర్ సవరణలను వారంటీ గానీ సపోర్టు ఒప్పందం గానీ ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. యంత్రం కొనుక్కోవచ్చు, దాన్ని బాగుచేసే మంత్రం మాత్రం చందా కట్టిన వాళ్లకే. వేదం విన్న చెవిలో సీసం పోయమన్న పుస్తకం గుర్తుకొస్తే తప్పు మీది కాదు. డెల్ తన సవరణలను సర్వీస్ ట్యాగ్ కొడితే ఎవరికైనా ఇస్తుంది. కొనే ముందు ఈ తేడా లెక్కలో పెట్టుకోండి.

ఇప్పుడు మరమ్మతు. ఈ భాగం రాయడానికే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మేం తెచ్చిన సర్వర్‌లో రెండు ప్రాసెసర్లు, ఎనిమిది జీబీల ర్యామ్ స్టిక్కులు ఎనిమిది. మొత్తం 64 జీబీ ఉండాలి. చెన్నైలో 64 చూపించింది. ముత్తుకూరు చేరేసరికి 56 చూపిస్తోంది. లాగ్‌లో ఏ3 స్లాటులో లోపం అని ఎర్ర గీత. అమ్మినాయనకు ఫోన్ చేశాం. "స్టిక్కు పోయుంటుంది, కొత్తది వేసుకోండి" అన్నాడు, విప్పి చూడకుండానే. చుట్టుపక్కల కంప్యూటర్లు తెలిసిన ఇద్దరు ముగ్గురూ అదే మాట. స్టిక్కుదే తప్పు.

మా ఊరు సముద్రం పక్కన. గాలిలో ఉప్పు, బొగ్గు పొడి. కాబట్టి ముందు స్టిక్కు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టాం. మార్పు లేదు. అప్పుడు మా బృందంలోని బీఎస్సీ అమ్మాయి ఏ3లో ఉన్న స్టిక్కు తీసి బీ3లో, బీ3లోది ఏ3లో పెట్టింది. తప్పు స్టిక్కుదే అయితే లోపం దానితో పాటు బీ3కి వెళ్లాలి. వెళ్లలేదు. ఏ3 దగ్గరే నిలబడింది. నేరస్తుడని ముద్ర వేసిన స్టిక్కు బీ3లో నిక్షేపంగా పనిచేస్తోంది. మంచిదని పేరున్న స్టిక్కు ఏ3లోకి రాగానే చెడ్డదైంది.

తర్వాత ప్రాసెసర్లు రెండూ అటుదిటు మార్చాం. లోపం ఇంకా ఏ3 దగ్గరే. అంటే ప్రాసెసర్‌దీ కాదు. ప్రాసెసర్ పైకి తీసి చూస్తే కింద సాకెట్‌లో 2011 సన్నటి పిన్నులు. వాటిలో ఒకటి పక్కకు వంగి ఉంది. బస్సు కుదుపులకో, ఎవరి మోటు చేతికో. ఆ ఒక్క పిన్ను వంగడంతో ఒక మెమరీ దారి మొత్తం మూసుకుపోయింది.

ఇప్పుడు చెప్పండి. మన పిల్లలకు మెరిట్ లేదని వందేళ్లుగా ఎర్ర గీత కొడుతున్నారే, ఎవరైనా ఒక్కసారి స్టిక్కు మార్చి చూశారా? హాస్టల్ పిల్లవాణ్ని కార్పొరేట్ కాలేజీలో, ఆ కాలేజీ పిల్లవాణ్ని సంక్షేమ హాస్టల్లో పెట్టి చూశారా? చరిత్రలో ఈ పరీక్ష ఒకరి మీద జరిగింది. 1913లో ఒక యువకుణ్ని న్యూయార్కులోని కొలంబియా అనే స్లాటులో పెట్టారు. లోకం మెచ్చే విద్వాంసుడయ్యాడు. అదే మనిషిని 1917లో బరోడా అనే స్లాటులో పెట్టారు. తలదాచుకోవడానికి గది దొరకలేదు, నౌకర్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు. మనిషి ఒక్కడే. లోపం ఎక్కడుందో ఇంకా వెతకాలా? రిజర్వేషన్ అంటే ఎవరికో దయతో ఇచ్చే మార్కులని వాదించేవాళ్లకు నేను ఇకమీదట ఈ ఏ3 కథే చెబుతాను. స్టిక్కును తిట్టడం చవక. సాకెట్ విప్పడానికి ఓపిక కావాలి, నిజాయితీ కావాలి.

ఆ పిన్నును సరిచేసింది ఎవరో కూడా చెప్పాలి. కొత్త బోర్డు కొనాల్సిందేనన్నారు డిగ్రీలున్నవాళ్లు. మన వాడ నుంచి వెళ్లి మొబైల్ రిపేరు కొట్టు పెట్టుకున్న కుర్రాడొకడు మైక్రోస్కోపు కింద పెట్టి, సూది మొనతో, ఊపిరి బిగబట్టి, అరగంటలో లేపాడు. ఇంటర్ పూర్తి చేయలేదు. 64 జీబీ కనిపించాక మేమంతా చప్పట్లు కొడితే సిగ్గుపడి, "ఇదేం పెద్ద పని మేడమ్" అన్నాడు.

పెద్ద పనే. ఆ మాట అతనితో అనిపించిందే కులం. కులం అంటే పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా నిలబెట్టడమని అంబేద్కర్ 1936లోనే వాదించాడు. చర్మం శుద్ధి చేసిన మాదిగ చేతిలో రసాయన శాస్త్రం ఉందని కంచ ఐలయ్య రాస్తే నవ్వినవాళ్లున్నారు. బోర్డు చూసి జబ్బు చెప్పే ఈ కుర్రాడి చేతిలో ఎలక్ట్రానిక్స్ లేదా? గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ లెక్క ప్రకారం 2022లో లోకం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతం. మన దేశంలో మిగతాదాని మీద చేతులు పెట్టేది ఎవరో గుజిరీ కొట్లకు వెళ్లి చూడండి. తీగలు కాల్చి రాగి తీసేవాళ్లు, యాసిడ్‌లో బోర్డులు ముంచేవాళ్లు. ఆ పొగ పీల్చే పని మనకు, పేద ముస్లింలకు. డిజైన్ చేసే పని వాళ్లకు. ఈ రెంటి మధ్య ఉన్నదే మరమ్మతు. అది నేర్చుకున్నవాడు చెత్త ఎత్తేవాడుగా ఉండిపోడు. నా పట్టుదల అందుకే. సర్వర్ ఒక సాకు, చేతికి విద్య రావడం అసలు సంగతి.

ఇది కలగా అనిపిస్తే రెండు ఉదాహరణలు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులో నడిచేలా చేశారు. బెంగళూరులో సుదర్శన్ లేఔట్ బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెడితే బస్తీ పిల్లలు గింప్‌తో బొమ్మలు వేశారు. మన వాడల్లో ఎందుకు జరగదు?

చివరగా కరెంటు. మా సర్వర్ పెద్ద పని లేనప్పుడు సుమారు 120 వాట్లు తాగుతుంది. రోజంతా, నెలంతా నడిపితే 86 యూనిట్లు. జగ్జీవన్ జ్యోతి కింద మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అంటారు. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, మోటారు పోను ఆ లెక్కలో సర్వర్ పడుతుందో లేదో మీటరు చూసుకుని తేల్చుకోండి. ఒకే కుటుంబం మీద భారం వేయకండి, బృందంగా ఖర్చు పంచుకోండి. రాత్రి ఆపేసినా చరిత్ర ఎక్కడికీ పోదు. మంచి యూపీఎస్ మాత్రం తప్పనిసరి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. మా ముత్తుకూరు మండలం నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. దాని పేరు శ్రీ దామోదరం సంజీవయ్య. 1960లో ముఖ్యమంత్రి అయిన మనవాడు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి. అంటే లోకం మాటలు దాచే గిడ్డంగి మన రాష్ట్రానికే వస్తోంది. భూమి మన రాష్ట్రానిది, నీళ్లు మన రాష్ట్రానివి. అందులో మన మాట ఉంటుందా? ఉన్నా అద్దెకుంటుంది. సంజీవయ్య పేరు మీద పుట్టే 2,400 మెగావాట్లలో 120 వాట్లు మన సొంత మాటకు కావాలని అడగడం అత్యాశ అయితే, ఆ అత్యాశ నాకుంది.

"మనకు కొత్తది ఎందుకు రాకూడదు?" అని అడిగిన తమ్ముడికి నా జవాబు: రావాలి. విశ్వవిద్యాలయాలను అడుగుదాం, సబ్‌ప్లాన్ నిధుల లెక్క అడుగుదాం, కొట్లాడుదాం. కానీ అది వచ్చేదాకా క్యాసెట్ల మీద బూజు ఆగదు. పాటలు తెలిసిన ముసలమ్మలు ఆగరు.

కాబట్టి ఈ నెలలో చేయాల్సింది ఇది. ప్రతిదానికీ మూడు నకళ్లు. ఒకటి సర్వర్ మీద, ఒకటి పక్కన విడి డిస్కు మీద, ఒకటి ఇంకో జిల్లాలో మిత్రుడి ఇంట్లో. 2021 నవంబరు పెన్నా వరద చూసినవాళ్లకు మూడోది ఎందుకో చెప్పనక్కర్లేదు. అనంతపురం, గుంటూరు, వరంగల్ మిత్రుల్లో ఎవరు ఆ మూడో డిస్కు పెట్టుకుంటారో ఇక్కడే చెప్పండి. దగ్గర్లో రిపేరు కొట్టు నడిపే మన కుర్రాళ్లుంటే వాళ్లనీ పిలవండి, సహాయకులుగా కాదు, గురువులుగా.

వచ్చే ఆదివారం: పాత కరపత్రాన్ని చింపకుండా స్కాన్ చేయడం ఎలా.

జై భీమ్.